రైలు టికెట్టుకున్న రూలు ఆటకెందుకు లేదు?

అరక్కోణంలో రిఫండ్ గురించి ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. దక్షిణాదిన మొట్టమొదటి రైలు 1856 జూలైలో రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు మా మీదుగానే పోయింది. అప్పటి నుంచీ ఈ ఊరి బతుకు పట్టాల మీదే. రైలు మూడు గంటలకు మించి లేటైతే, ఎక్కకుండా టీడీఆర్ అనే రిఫండ్ దరఖాస్తు వేస్తే డబ్బంతా వెనక్కి వస్తుందని ఇక్కడ కూరగాయల బండి తోసే ఆయనకూ తెలుసు. తత్కాల్ టికెట్టు ఖాయమయ్యాక రద్దు చేసుకుంటే చిల్లిగవ్వ రాదనీ తెలుసు. ఆ రెండో రూలు కటువైనదే, దాని మీద నాకూ కోపముంది. అయినా కొనకముందే తెలిసిన సంగతి గనక, డబ్బు పోయినప్పుడు రైల్వేను నాలుగు తిట్టుకుంటాం గానీ మోసపోయామని అనుకోం.

ఫోనులోనో కంప్యూటర్లోనో ఆట కొన్నవాళ్ళకు ఆపాటి భరోసా కూడా లేదు. డబ్బు తిరిగి వస్తుందా రాదా అన్నది ఏ దుకాణంలో కొన్నారు, ఎప్పుడు అడిగారు, అవతలివాళ్ళు ఆ రోజు ఏమనుకున్నారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. రిఫండ్‌ను అమ్మినవాడి దయకు వదిలేయడం ఇకనైనా ఆపాలి, రైలు టికెట్టుకు ఉన్నట్టే దీనికీ చట్టం ఒక గడువు రాసిపెట్టాలి అన్నది నా మాట.

స్టేషనుకు దగ్గర్లో నాకు చిన్న నెట్ సెంటర్ ఉంది. పాన్ కార్డు, పట్టా నకలు, పరీక్ష ఫీజు, జెరాక్స్, రైలు తప్పినవాళ్ళకు టీడీఆర్. అరవంలో అడిగినవాళ్ళకు అరవంలో, తెలుగులో అడిగినవాళ్ళకు తెలుగులో చేసిపెడతాను. కొన్నేళ్ళుగా ఈ పనుల్లోకి ఇంకొకటి వచ్చి చేరింది, పిల్లలు ఆటల్లో పోసిన డబ్బును వెనక్కి రప్పించే పని. వేసవి సెలవులు మొదలయ్యాయంటే ఈ గిరాకీ పెరుగుతుంది. దీనికి నేను ఏమీ తీసుకోను. వస్తుందన్న నమ్మకం లేని పనికి కూలి అడగడానికి నోరు రాదు.

మొన్నామధ్య ఒకామె వచ్చింది. భర్త లోకో షెడ్డులో పని చేస్తాడు, ఆమె పుట్టిల్లు నగరి వైపు. ఫోను బల్ల మీద పెట్టి, "అక్కా, దుడ్డు పోయిండాది. ఎవురో దొంగలు తీసేసినారు" అంది. బ్యాంకు మెసేజీలు పైకి జరుపుతూ చూశాను. దొంగలైతే ఒక్కసారే ఊడ్చుకుపోతారు. ఇక్కడ 29 రూపాయలు, 79, మళ్ళీ 79, 159, 399, తిరిగి 79. అన్నీ సాయంత్రం నాలుగున్నర దాటాక, అంటే బడి వదిలాక. ఆదివారాలైతే పొద్దున్నే మొదలు. "పిల్లోడు ఏం చదువుతున్నాడు?" అని అడిగాను. ఆమె మొహం మారిపోయింది. "ఎనిమిది. వానికి పిన్ను తెలీదక్కా" అంది. వెనకాల నిలబడి బొటనవేలితో నేల గీకుతున్న పిల్లాడికి పిన్ను బాగానే తెలుసు. పాల ప్యాకెట్టుకు డబ్బు కొట్టేటప్పుడు అమ్మ వేళ్ళు ఎటు పోతున్నాయో రోజూ చూస్తూనే ఉన్నాడు. ఆమె చెయ్యి పైకి లేచింది. "కొట్టేది ఇంటికి పోయినాక చూసుకుందువులే, ముందు పని కానీ" అన్నాను.

మొత్తం నాలుగు వేల పైచిలుకు తేలింది. ఒక్కో కొనుగోలుకు ఒక్కో దరఖాస్తు. మెయిల్లో ఆర్డర్ నంబరు వెతకాలి, కారణం ఎంచుకోవాలి, కింద ఇంగ్లీషులో రాయాలి. రెండు రోజుల్లోపు కొన్నవాటికి డబ్బు వచ్చింది. అంతకు ముందువాటన్నిటికీ, దరఖాస్తు పంపిన కాసేపటికే, ఒకే అచ్చులో పోసిన జవాబు వచ్చింది: మా విధానం ప్రకారం వీలుపడదు. విధానంలో ఏ అంశం ప్రకారమో లేదు, రాసిన మనిషి పేరు లేదు. తిరిగి రాస్తే ఆట తయారుచేసినవాళ్ళను అడగమన్నారు. వాళ్ళను అడిగితే డబ్బు తీసుకున్నది దుకాణం గనక అక్కడే అడగమన్నారు. "వాళ్ళిద్దురూ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటాంటే మనం ఎవురితో కొట్లాడేది?" అని ఆమె నన్ను అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆ పిల్లాడు కొన్నదేమిటో కూడా చూడాలి. రూపాయలతో నేరుగా తుపాకీకి రంగులూ బొమ్మకు చొక్కాలూ కొననివ్వరు. ముందు రూపాయలిచ్చి వజ్రాలు కొనాలి. వజ్రాలిచ్చి పెట్టె కొనాలి. పెట్టెలో కావలసింది ఉండొచ్చు, ఉండకపోవచ్చు. వజ్రాలు అమ్మే కట్టలు ఎలా ఉంటాయంటే, కావలసినదానికి ఎప్పుడూ కొన్ని తక్కువ పడతాయి, ఇంకో కట్ట కొంటే కొన్ని మిగిలిపోతాయి. రెండుసార్లు మారకం జరిగాక ఆ చొక్కా ఎన్ని రూపాయలో పెద్దవాళ్ళకే లెక్క తేలదు, పదమూడేళ్ళవాడికి ఏం తేలుతుంది? రిఫండ్ అడిగే వేళకు వజ్రాలు ఖర్చైపోయి ఉంటాయి. వాడేసిన సరుకు వాపసు తీసుకోం అంటారు. కొన్న మరుక్షణమే వాడించేలా ఆటను తయారుచేసి, వాడేశావు కాబట్టి కుదరదనడం ఎలాంటి న్యాయమో నాకు అర్థం కాదు.

పెద్ద దుకాణాల్లో రూల్సే లేవని కాదు. గూగుల్ ప్లేలో కొన్నదానికి 48 గంటల్లోపు అడిగితే వాళ్ళే పరిశీలిస్తారు, ఆ గడువు దాటితే చాలావరకు ఆట తయారీదారును అడగమంటారు. ముక్కూమొహం తెలియనివాళ్ళు మీ ఖాతాలో కొని ఉంటే 120 రోజుల్లోపు చెప్పాలి. ఆపిల్ ఫారంలో, మైనరు అనుమతి లేకుండా కొన్నాడు అని ఎంచుకునే వీలే ఉంది, ఇచ్చేదీ మానేదీ వాళ్ళ ఇష్టం. ప్లేస్టేషన్‌లో కొన్న ఆటను 14 రోజుల్లోపు వాపసు అడగొచ్చు, కాకపోతే డౌన్‌లోడ్ మొదలుపెట్టి ఉండకూడదు. కొన్నవాడు డౌన్‌లోడ్ చేయకుండా దాచుకోవడానికి అదేమైనా బంగారమా? వీటిలో ఏ రూలునూ మన దేశపు చట్టం రాయించలేదు. దుకాణాలే రాసుకున్నాయి. రేపు మార్చేసుకున్నా అడిగే నాథుడు లేడు.

వేలూరులో ఇంజినీరింగ్ చదువుతున్న మా తమ్ముడి కొడుకు కథ వేరు. కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్‌లో ఏదో కార్ల ఆట కొన్నాడు. వాడి లాప్‌టాప్ దాన్ని మోయలేక మూలిగింది. గంట తిరక్కముందే వాపసు అడిగాడు. డబ్బు వచ్చేసింది, ఎందుకు ఏమిటని ఎవరూ అడగలేదు. 2015 జూన్ నుంచి అక్కడ రూలు అది: కొని 14 రోజులు దాటకూడదు, ఆడింది 2 గంటలకు మించకూడదు. కారణం ఏదైనా పర్వాలేదు. ఆ లోకో షెడ్డు ఆమెకూ మావాడికీ తేడా చదువులోనో తెలివిలోనో లేదు. వాడు కొన్నచోట గడువు గీసి ఉంది, అంతే.

ఆ గీత ఊరికే పడిందనుకోను. స్టీమ్ నడిపే అమెరికా కంపెనీ వాల్వ్ మీద ఆస్ట్రేలియా వినియోగదారుల కమిషన్ 2014లో కోర్టుకెక్కింది. రిఫండ్ ఇవ్వం అని మీ షరతుల్లో రాసుకున్నారు, మా చట్టంలో అలా రాయడం కుదరదు అన్నది వాళ్ళ వాదన. మేము అమెరికాలో ఉన్నాం, మీ చట్టం మాకు వర్తించదని కంపెనీ అంది. కోర్టు ఒప్పుకోలేదు. 2016లో 30 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా పడింది. కేసు నడుస్తుండగానే ప్రపంచమంతటికీ కలిపి ఈ 14 రోజుల రూలు వచ్చింది. ఎక్కడో ఆస్ట్రేలియాలో ఒక ప్రభుత్వ సంస్థ పట్టుబట్టడానికీ వేలూరు హాస్టల్లో మావాడి డబ్బు వెనక్కి రావడానికీ సంబంధం లేదంటే నేను నమ్మను.

పిల్లల సంగతిలో అమెరికాయే ముందు నడిచింది. ఒకసారి పాస్‌వర్డ్ కొడితే తర్వాతి పావుగంట సేపు పిల్లలు ఎంతైనా కొనుక్కోగలిగేలా ఉందని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆపిల్‌ను నిలదీసి, 2014 జనవరిలో కనీసం 3.25 కోట్ల డాలర్లు తల్లిదండ్రులకు వాపసు ఇప్పించింది. అదే ఏడు గూగుల్ చేత కనీసం 1.9 కోట్లు. 2022 డిసెంబరులో ఫోర్ట్‌నైట్ ఆట తయారుచేసే ఎపిక్ గేమ్స్ 24.5 కోట్ల డాలర్లకు ఒప్పుకుంది. ఒక్క మీట నొక్కితే కొనుగోలు అయిపోయేలా తెర మీద బటన్లు పెట్టారని, బ్యాంకుకు ఫిర్యాదు చేసినవాళ్ళ ఖాతాలకు తాళం వేశారని అభియోగం. 2024 డిసెంబరులో తొలి విడతగా 7.2 కోట్ల డాలర్లకు పైగా ఆరు లక్షల మందికి పైగా పంచారు. ఆ పిల్లలు నొక్కిన మీటలకూ గుడియాత్తంలో లుంగీలు నేసే ఇంట్లో పిల్లలు నొక్కే మీటలకూ తేడా ఏముంది?

మన దగ్గర చట్టాలు లేవా అంటే, ఉన్నాయి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 11వ సెక్షన్ ప్రకారం 18 ఏళ్ళు నిండనివాడు ఒప్పందం చేసుకోలేడు. 1903లో మొహరీ బీబీ కేసులో ప్రివీ కౌన్సిల్ ఈ మాటను ఎంత గట్టిగా చెప్పిందంటే, కలకత్తాలో మైనరుకు ఇల్లు తాకట్టు పెట్టుకుని అప్పిచ్చిన వ్యాపారికి తాకట్టూ దక్కలేదు, ఇచ్చిన డబ్బూ దక్కలేదు. నూట ఇరవై ఏళ్ళ కిందటే వడ్డీ వ్యాపారికి లేని వెసులుబాటు ఇవాళ వజ్రాలమ్మేవాడికి ఎలా వచ్చింది? ఖాతా తల్లి పేరు మీద ఉంది గనక కొన్నది తల్లే అని వాళ్ళ వాదన. దాన్ని ఎదిరించి నాలుగు వేల రూపాయల కోసం కోర్టుకు వెళ్ళే ఓపిక ఎవరికుంటుంది? ఆ ధైర్యంతోనే ఈ వ్యాపారం నడుస్తోంది.

2019 వినియోగదారుల రక్షణ చట్టమూ, 2020 జూలైలో దాని కింద వచ్చిన ఈ-కామర్స్ నిబంధనలూ డిజిటల్ సరుకును కూడా కలుపుకున్నాయి. సరుకు లోపభూయిష్టమైతే, రసీదులో గడువేదీ రాయకపోతే 30 రోజుల్లో డబ్బు తిరిగి ఇవ్వాలి. అమ్మేవాడు రిఫండ్ విధానం ఏమిటో చూపించి తీరాలి. ఫిర్యాదుల అధికారిని పెట్టాలి, ఆయన 48 గంటల్లో అందిందని చెప్పి నెలలోపు తేల్చాలి. బాగానే ఉంది. కానీ సరుకులో లోపం లేనప్పుడు, మా విధానం 'రిఫండ్ లేదు' అని చూపిస్తే నిబంధన నెరవేరినట్టే. కనీసం ఇన్ని రోజులు ఇవ్వాలి అన్న మాట ఎక్కడా లేదు. యూరప్‌ను ఆదర్శంగా చూపించేవాళ్ళకు ఇంకో మాట చెప్పాలి. అక్కడ దూరం నుంచి కొన్నదానికి 14 రోజులు వద్దనుకునే హక్కు ఉంది, కానీ డిజిటల్ సరుకు విషయంలో వెంటనే డౌన్‌లోడ్ చేసుకోవడానికి ఒప్పుకుని టిక్కు పెట్టామా, ఆ హక్కు అప్పటికప్పుడే పోతుంది. అలాంటి రూలు మనకొద్దు.

ఆటలే ఆగిపోతే ఏమిటన్నది ఇంకో తలనొప్పి. 2020 సెప్టెంబరు 2న కేంద్రం 118 యాప్‌లను నిషేధించినప్పుడు పబ్‌జీ మొబైల్ కూడా పోయింది. అక్టోబరు 30తో సర్వర్లూ ఆపేశారు. అందులో యూసీ అనే ఆట డబ్బు కొనుక్కున్న కుర్రాళ్ళు నా షాపులో బల్లల మీద తలలు వాల్చడం నాకు గుర్తుంది. ఆ మరుసటి ఏడు బీజీఎంఐ పేరుతో ఆట తిరిగొచ్చి, పాత ఖాతాలోని సరుకును 2021 డిసెంబరు ఆఖరు దాకా మార్చుకోనిచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌ను నిషేధిస్తే ఫ్రీ ఫైర్ మ్యాక్స్ మిగిలింది, పిల్లలు అందులోకి దూకారు. రెండుసార్లూ గట్టెక్కించింది అదృష్టమే, చట్టంలో దానికి ఆధారం ఏమీ లేదు. 2014లో వచ్చిన ద క్రూ అనే కార్ల ఆటను యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న ఆపేసినప్పుడు ఎన్నడో డబ్బిచ్చి కొన్నవాళ్ళ చేతిలో ఏమీ మిగల్లేదు. దాని మీద యూరప్‌లో పది లక్షలకు పైగా సంతకాలు చేశారు. సోనీ మాత్రం 2024లో కాంకర్డ్ అనే ఆటను రెండు వారాలకే ఆపేసి అందరికీ పూర్తి డబ్బు ఇచ్చేసింది. ఇవ్వదలచుకుంటే ఇవ్వడం పెద్ద కష్టమేమీ కాదన్నమాట.

డబ్బు పెట్టి ఆడే పందేల విషయంలో మన ప్రభుత్వాలు ఎంత చురుగ్గా కదిలాయో చూశాం. తమిళనాడు 2025 ఫిబ్రవరిలో రూల్స్ తెచ్చి అర్ధరాత్రి 12 నుంచి తెల్లవారుజామున 5 దాకా అలాంటి ఆటల తలుపులు మూయించింది, మద్రాసు హైకోర్టు జూన్‌లో అది సబబే అంది. ఆగస్టులో పార్లమెంటు ఏకంగా దేశమంతటా ఆ పందేలనే నిషేధించింది. అప్పుడు చాలా కంపెనీలు ఆటగాళ్ళ జమ డబ్బు వెనక్కి తీసుకోనిచ్చాయి. పందెం కాసినవాడి నిల్వకు ఆ మర్యాద దక్కింది. పందెం జోలికి పోకుండా బొమ్మకు చొక్కా కొన్న పిల్లాడి వజ్రాలకు ఏ విలువా లేదు.

నన్ను ఎదురు ప్రశ్నించేవాళ్ళూ ఉన్నారు. పిన్ను పిల్లాడికి తెలిసేలా పెట్టుకుంటే తప్పెవరిది అంటారు. తల్లిదే, కొంతవరకు. ప్రతి కొనుగోలుకూ వేలిముద్ర అడిగే సెట్టింగు ఫోనులో ఉంది, నా దగ్గరకు వచ్చినవాళ్ళందరికీ అది పెట్టే పంపుతాను. కాని తలుపు గడియ వేసుకోలేదని దొంగసొత్తు కొన్నవాడికి హక్కు రాదు కదా. ఇంకో అభ్యంతరం దీనికన్నా బరువైనది: రిఫండ్ సులువైతే ఆడేసి వాపసు ఇచ్చేవాళ్ళు తయారవుతారు. నిజమే. 2021లో సమ్మర్ ఆఫ్ 58 అనే చిన్న ఆట చేసిన ఎమికా గేమ్స్ తయారీదారుకు అదే జరిగింది. ఆట రెండు గంటల్లోపే అయిపోతుంది, ఆడి ముగించి బాగుందని మెచ్చుకుని మరీ డబ్బు వెనక్కి తీసుకున్నారు. ఆయన విసిగి ఇక కొంతకాలం ఆటలు చేయనన్నాడు. చెన్నైలోనో హైదరాబాదులోనో ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు కూర్చుని చేసిన ఆటకు ఆ గతి పట్టకూడదు. అందుకని గంటల లెక్కతో పాటు ఆటలో ఎంత భాగం ఆడారన్నది కూడా చూడాలి. పెట్టెలు, వజ్రాల దగ్గర మాత్రం ఈ బాధ లేదు. అక్కడ వాపసు ఇస్తే కంపెనీ తన సర్వర్లో ఒక అంకె చెరిపేస్తుంది, అంతే, ఏ గోదాములోనూ సరుకు తరగదు.

దీనికి కొత్త చట్టం కోసం పార్లమెంటు చుట్టూ తిరగక్కర్లేదు. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోని 18వ సెక్షన్ కింద, తెర మీద మనల్ని బోల్తా కొట్టించే 13 రకాల ఎత్తుగడలను నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. లేని తొందర పుట్టించడం, చెప్పకుండా బుట్టలో సరుకు వేయడం లాంటివి. అదే సెక్షన్ కింద ఇంకో మార్గదర్శకం చాలు. కొన్న ఆటకు 14 రోజులు. మైనరు కొన్నాడని తల్లిదండ్రులు చెబితే, వాడేసినా వాడకపోయినా, కనీసం మూడు నెలల గడువు, ఎందుకంటే ఇంట్లో సంగతి బయటపడేది బ్యాంకు కాగితం చేతికొచ్చాకే. కాదంటే ఎందుకు కాదో మనిషి పేరుతో, అడిగినవాళ్ళ భాషలో జవాబు. దుకాణమూ తయారీదారూ బాధ్యత ఒకరి మీదికి ఒకరు నెట్టకుండా, డబ్బు తీసుకున్నవాడే తిరిగి ఇవ్వాలి. నన్ను రాయమంటే ఒక్క పేజీలో రాసిస్తాను.

అది వచ్చేదాకా చేయదగ్గది ఒకటుంది. డబ్బు పోయిందని తెలిసిన రోజే ఆర్డర్ నంబర్లు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని, 48 గంటలు దాటకముందే అడగండి. మొదటి 'కుదరదు' దగ్గర ఆగకుండా ఫిర్యాదుల అధికారికి రాయండి, నెల రోజులు ఆగండి. తర్వాత 1915కు ఫోను చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. అదీ కాకపోతే కంపెనీ కాలిఫోర్నియాలో ఉన్నా సింగపూర్‌లో ఉన్నా, మీరు కాపురముండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలును పెట్టుకోవాలన్న నియమమూ లేదు.